నోరు విప్పని చెక్క

జూలై 2, మంగళవారం

ఈ రోజు కూడా వయొలిన్ పైపలకను ముట్టుకోలేదు. గాలిలో తేమ ఎక్కువగా ఉంది. ఇలాంటప్పుడు చెక్కను గీరకూడదు. నాన్న వానల్లోనూ పని చేసేవాడు, నిజమే. అప్పటి వానలు వేరు.

ఉలులన్నీ నూరాను. పదును బాగా వచ్చింది.

టీచరుగారు ఫోన్ చేసింది. తను ఇరవై ఏళ్ళుగా పిల్లలకు వయొలిన్ నేర్పుతోంది, ఇన్నాళ్ళకు తనకోసం నా చేత ఒకటి చేయించుకుంటోంది. బాగున్నారా, వానలెలా ఉన్నాయి అని అడిగినంతసేపు అడిగి, అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి గొణగడం మొదలుపెట్టింది. "ఏమన్నారు?" అంటే మళ్ళీ అదే గొణుగుడు. "సరే సరే" అన్నాను. దేనికి సరే అన్నానో నాకు తెలియదు. ఇంకెన్నాళ్ళని సూటిగా అడగడానికి నోరు రాక అలా నంగినంగిగా మాట్లాడుతోంది.

మంచినీళ్ళకని వంటింట్లోకి వెళితే తమ్ముడూ మరదలూ మాట మధ్యలో ఆపేశారు.

జూలై 3, బుధవారం

ఉలులు నూరాను. నిన్నటివి కాదు, చిన్నవి.

జూలై 5, శుక్రవారం

వాన తెరిపిచ్చింది. ఇక సాకు లేదనుకుని పలకను చేతిలోకి తీసుకున్నాను. అంచు రెండు వేళ్ళతో పట్టుకుని, వేలు మడిచి తట్టాను. టప్. అంతే. దిండు మీద కొట్టినట్టుంది. మళ్ళీ తట్టాను. ఇంకో చోట పట్టుకుని తట్టాను. టప్.

ఎక్కడ పలచన చెయ్యాలో, ఎక్కడ ఆపాలో చెక్కే చెప్పాలి. గీరిన కొద్దీ మోత మారుతుంది, చాలు అన్నచోట ఆపాలి. వెంట్రుకవాసి ఎక్కువ గీరినా పలక పాడైనట్టే. నేను చేసినవన్నీ అలా చెప్పించుకుని చేసినవే. ఈ చెక్క మాత్రం నోరు విప్పడం లేదు. అంటే లోపం చెక్కలోనే ఉంది.

పలకను గుడ్డలో చుట్టుకుని కలప షాపుకు వెళ్ళాను. షాపాయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తట్టాడు. కళ్ళు మూసుకున్నాడు కూడా.

"దీనికేమైందమ్మా? గంటలా మోగుతుంటే."

"మోగడం లేదనే కదా తెచ్చింది."

మళ్ళీ తట్టాడు. వెనకాల గుమాస్తా ఏదో అన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. షాపాయన గుమాస్తా మీద కసురుకున్నాడు, కానీ కసురుకోకముందు పెదవి చివర నవ్వు నేను చూడకపోలేదు. నాన్న కాలం నుంచి ఇక్కడే కొంటున్నాం. ఆడమనిషి కదా, ఏం తెలుస్తుందిలే అనుకుని ఉంటాడు.

ఇంటికొచ్చి పలకను మళ్ళీ బల్ల మీద పెట్టాను.

జూలై 9, మంగళవారం

ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించే ఆయన బజారులో ఎదురుపడ్డాడు. కొత్త వెంట్రుకలు కట్టమని ఇచ్చిన ఆయన కమాను నా దగ్గరే ఉంది. నన్ను చూసి ముఖం ముడుచుకున్నాడు.

"మొన్న ఆదివారంతో కలిపి రెండుసార్లు వచ్చి తలుపు కొట్టి వెళ్ళిపోయానండీ. ఇష్టం లేకపోతే చేయనని చెప్పేస్తే సరిపోయేది."

"నేనెక్కడికీ వెళ్ళలేదే."

"అదే నేనూ అంటున్నది. కిటికీలోంచి మీ వీపు కనిపిస్తూనే ఉంది."

దారి పొడుగునా ఆలోచిస్తూ వచ్చాను. నేను లోపలే ఉంటే నాకు తెలియకుండా ఎలా వెళ్ళిపోతాడు? పెద్దవాకిట్లోనే ఎవరో ఆపి పంపేసి ఉండాలి. పరువు పోతుందని ఆయన ఆ మాట చెప్పడం లేదు. మొన్న ఆదివారం ఇంట్లో ఉన్నది స్టేషను మేడమే.

మరదలికి ఈ పేరు నేను ఈ పుస్తకంలో మాత్రమే వాడతాను. రైల్వే స్టేషన్లో అనౌన్సరు ఆమె. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. వేలమందికి అర్థమయ్యేలా మాట్లాడి జీతం తెచ్చుకునే మనిషి, ఇంటికొచ్చి నాతో మాట్లాడేసరికి మాటలు మింగేస్తుంది. దీన్నేమనుకోవాలి?

జూలై 13, శనివారం

అనుకున్నంతా అయింది. కూరలు తెచ్చుకుని వచ్చేసరికి నా పనిగదిలో ఎవడో స్టూలెక్కి గోడ కొలుస్తున్నాడు. సరిగ్గా నా బల్లకు ఎదురుగా. మరదలు పక్కన నిలబడి చేతులు ఊపుతూ ఏదో చెబుతోంది. గుమ్మంలో నన్ను చూసి ఇద్దరూ ఆగిపోయారు.

"ఏంటిది?" అన్నాను.

ఆమె చెప్పింది. నాకు వినపడింది రాసుకుంటున్నాను: "...వదినా... పెడదామని... గోడకి... మీకే..." మిగతాదంతా కావాలని నమిలేసింది.

గదికి అడ్డగోడ కడతారన్నమాట. ముందు సగం అద్దెకు, వెనక సగం నాకు. పని ఎలాగూ సాగడం లేదు కదా, ఆమెకెందుకంత గది అనుకుని ఉంటారు. సాగకపోవడానికి కారణం చెక్క అని వాళ్ళకెవరు చెప్పాలి.

జూలై 14, ఆదివారం

మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగేశాను. లోపల పెట్టుకుని కుమలడం నా వల్ల కాదు.

"నా గది మీద కన్నుపడిందా మీ ఇద్దరికీ?"

తమ్ముడు లెక్కల మాస్టారు. బడిలో నలభైమందిని అదుపులో పెడతాడట. నా ముందు మాత్రం చిన్నప్పటిలాగే గుటకలు మింగుతాడు.

"గదేంటక్కా?"

"నిన్న గోడ కొలిపించారుగా."

"అదా, బెల్లు కోసం అక్కా. ఎవరైనా బెల్లు కొడితే నీ ఎదురుగా లైటు వెలుగుతుంది."

"బెల్లు మోగాలి గాని, వెలగడమేంట్రా?"

మరదలు తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు కంచం వైపు చూశాడు.

"చెప్పండి," అంది ఆమె. అది నాకు వినపడింది.

"తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు వాడు.

నాకు తెలియకుండా మాట్లాడుకోవలసింది వాళ్ళకేదో ఉంది. లైటు అనేది వాడికి అప్పటికప్పుడు తోచిన అబద్ధం. చిన్నప్పుడు కూడా వాడికి అబద్ధం ఆడటం వచ్చేది కాదు.

జూలై 16, మంగళవారం

పనిగది ఊడ్చాను. వార్నిష్ సీసాలకు చీటీలు అంటించాను. తీగల చుట్టలన్నీ విప్పి, సన్నవి ఒక పక్క, లావువి ఒక పక్క పెట్టాను. సాయంత్రానికి నడుం పట్టేసింది. రోజంతా పనిచేసినట్టే ఉంది.

చెక్కలో లోపముందనీ ఆలస్యమవుతుందనీ టీచరుగారికి కబురు పంపాను.

జూలై 19, శుక్రవారం

శుక్రవారం మరదలికి సెలవు. అయినా మధ్యాహ్నం చీర మార్చుకుని బయల్దేరింది. ఎవరి బదులో డ్యూటీ అంది, లేదా అలా అన్నట్టు అనిపించింది. గది అద్దెకిచ్చే బేరమేదో మాట్లాడటానికి వెళ్తోందని అనుమానం వచ్చింది. నేనూ వెళ్ళాను. వెనకాల కాదు, తర్వాతి బస్సులో.

స్టేషన్లో మొదటి ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చున్నాను. నెత్తిమీదే స్పీకరు ఉంది. కాసేపటికి గొంతు వచ్చింది. ఆమెదే. పోనీలే, బేరానికి వెళ్ళలేదు. కానీ ఆ గొంతులో మాటలు లేవు. నీళ్ళలో తల ముంచి మాట్లాడుతున్నట్టు, ఊ ఊ అని ఒక ధార. ఇక్కడా ఇలాగే నమిలేస్తుందా, జీతం ఎలా ఇస్తున్నారు అనుకున్నాను.

అంతలో నా పక్కనున్నావిడ సంచులు అందుకుని లేచింది. ఎదురు బెంచీవాళ్ళు లేచారు. టీ కొట్టు దగ్గరున్నవాళ్ళు గ్లాసులు పెట్టేసి కదిలారు. అందరూ ఒక్కసారిగా వంతెన మెట్లవైపు నడిచారు. నేనొక్కదాన్నే కూర్చుని ఉన్నాను.

ఒక పెద్దాయన చెప్పు తెగి వెనకబడ్డాడు. "ఏమంది?" అని అడిగాను.

"బండి మూడో నంబరుకి మార్చారటండీ." పెద్దగానే చెప్పాడు. "మీరు వినలేదా?"

"స్పీకరు పాడైనట్టుంది."

"లేదే. ఈవిడ ఎంత చక్కగా చెబుతుందని. మా ఆవిడకి చెవుడండీ. ఆమెకి కూడా ఈవిడ మాట తెలుస్తుంది."

చెప్పు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు.

స్టేషన్లో స్పీకర్లు బాగోలేవు. బాగు చేయించుకోవాలి వాళ్ళు.

జూలై 20, శనివారం

ఏమీ చేయలేదు.

జూలై 22, సోమవారం

పొద్దున మంచం పక్కనున్న గడియారాన్ని చెవికి ఆనించుకున్నాను. ముల్లు తిరుగుతోంది. చప్పుడు లేదు. కొత్త రకాలు చప్పుడు చేయవేమో అనుకున్నాను. కానీ ఇది నాన్నది.

రెండో చెవికి పెట్టుకున్నాను.

మరదలు వాకిట్లో బట్టలారేస్తోంది. గడియారం పట్టుకెళ్ళి ఆమె ముందు పెట్టి, "ఇది టిక్‌టిక్‌మంటోందా?" అన్నాను. తడి చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది. చెవి దాకా తీసుకెళ్ళనే లేదు. నా ముఖం చూసి ఏడ్చేసింది.

అరుగు మీద నన్ను కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుంది. మైకు ముందు మాట్లాడినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పింది. అన్నీ వినపడ్డాయి.

"మీరెప్పుడు అడుగుతారా అని చూస్తున్నాం వదినా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళవుతోంది."

"రెండేళ్ళు నా వెనకాల గుసగుసలాడుకున్నారా?"

"గుసగుసలు కాదు వదినా. మామూలుగానే మాట్లాడుకున్నాం."

ఆర్కెస్ట్రా ఆయన గురించి అడిగాను. ఆ ఆదివారం ఆమె స్నానాల గదిలో ఉందట. వచ్చి చూసేసరికి ఆయన గేటు దాటేశాడట. అందుకే లైటు.

"మరి నా మొహం మీద చెప్పడానికేం?"

"చెబితే మీరు పని మానేస్తారని మీ తమ్ముడి భయం. చెప్పకపోయినా మానేశారు కదా అని నా బాధ."

ఆమె మీద కోపం రాలేదని రాయలేను. వచ్చింది. ఇప్పటికీ ఉంది. నా చెవుల సంగతి నాకంటే ముందు ఊరందరికీ తెలిసిందన్నమాట. కలప షాపు గుమాస్తాతో సహా.

జూలై 27, శనివారం

చెవి పరీక్ష. గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, చేతికొక బొత్తాం ఇచ్చారు. చప్పుడు వినపడగానే నొక్కాలి. మొదట బాగానే నొక్కాను. తర్వాత ఆ పరీక్ష చేసే అమ్మాయి ఊరుకుంది. ఎంతసేపటికీ ఏమీ వినిపించదు. నన్ను మర్చిపోయిందా, పక్కవాళ్ళతో కబుర్లలో పడిందా అనే అనుమానంతో గాజులోంచి చూశాను.

ఆమె చెయ్యి మీటల మీద కదులుతూనే ఉంది. తిప్పుతోంది, నా వంక చూస్తోంది, మళ్ళీ తిప్పుతోంది.

ఒకటి రెండుసార్లు ఊరికే నొక్కాను. ఆమెకు తెలిసిపోయింది. తల వంచుకుని రాసుకుంది.

కింది స్వరాలు ఉన్నాయట. పైవి పోయాయట. వయసు, ఏళ్ళ తరబడి చెవి పక్కన వాయిద్యం, రెండూ కలిసి. పోయినవి తిరిగి రావని డాక్టరు చెప్పాడు. మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తాయట.

"చెక్క తెలుస్తుందా?" అని అడిగాను. ఆయనకు అర్థం కాలేదు.

ఆగస్టు 5, సోమవారం

మిషను వచ్చింది. తమ్ముడు టీ తాగేటప్పుడు ఇంత చప్పుడు చేస్తాడని నాకు తెలియదు. మరదలు ఇన్నేళ్ళు ఎలా కాపురం చేసిందో. మాటలు తెలుస్తున్నాయి. చీర కూడా చప్పుడు చేస్తోంది.

పలక తట్టి చూశాను. డబ్బా మీద కొట్టినట్టుంది. తీసేసి తట్టాను. దిండు. పెట్టుకుని తట్టాను. డబ్బా.

ఆగస్టు 8, గురువారం

ఉలులు నూరాను.

ఆగస్టు 9, శుక్రవారం

కమాను ఇచ్చేశాను. కొత్తగా పెట్టించిన లైటు వెలిగితే తలుపు తీశాను, ఆర్కెస్ట్రా ఆయన. వాకిట్లోనే చెప్పాను, నాకు వినపడదు, ఆ రోజు తప్పు మీది కాదని. ఆయన ఎటు చూడాలో తెలియక కమాను వెంట్రుకలు చూస్తూ నిలబడ్డాడు. చెప్పడం అనుకున్నంత కష్టంగా లేదు. ఆయనకే కష్టంగా ఉన్నట్టుంది.

ఆగస్టు 18, ఆదివారం

మరదలు పనిగదిలోకి వచ్చి, అడక్కుండానే స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీరు తట్టండి వదినా. నాకేం వినపడుతుందో చెబుతాను."

"నీకేం తెలుసు?"

"ఏమీ తెలీదు. మైకు సరిగ్గా ఉందో లేదో మాత్రం తెలుసు. గదిలో నా మాట ఎంతసేపు నిలబడుతుందో చూసుకుని మాట్లాడాలి మేం."

పోనీ అని తట్టాను. ఆమె చూపుడువేలు పైకెత్తింది. ఎత్తి ఉంచింది. నాకు ఎప్పుడో ఆగిపోయిన చోట ఆమె వేలు ఇంకా గాలిలోనే ఉంది. నెమ్మదిగా దించింది.

"అంతసేపు మోగిందా?"

"మోగింది."

నన్ను ఊరడించడానికి చెబుతోందని అనుమానం. ఈ వారమంతా అందరూ నాతో మెత్తగా మాట్లాడుతున్నారు, అది నాకు అసలు నచ్చడం లేదు. అందుకని ఒక పని చేశాను. ఆమెకు వీపు తిప్పి, గీకుడు రేకుతో బల్ల అంచు గరగరలాడించాను. పలకను తాకలేదు. తిరిగి తట్టి, "ఇప్పుడు పలచబడింది కదా, మోత పెరిగిందా?" అన్నాను.

వేలెత్తింది, దించింది. నన్ను ఒక చూపు చూసింది.

"ఏం తేడా లేదు వదినా. మీరు గీరలేదు."

"గీరాను."

"లేదు. గీరుంటే పొట్టు ఏది?"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె కూడా. తమ్ముడు గుమ్మం దాకా వచ్చి, ఎందుకు నవ్వుతున్నామో అడిగే ధైర్యం లేక వెనక్కి వెళ్ళాడు.

తర్వాత నిజంగా గీరాను. కుడి అంచున, అరచేయంత మేర. అంతకంటే చేయనని ముందే చెప్పాను. సన్నటి పొట్టు చుట్టలు చుట్టలుగా లేచింది. తట్టాను. ఆమె వేలు ఇందాకటికంటే ఎక్కువసేపు నిలబడింది. రేకు కింద పెట్టేశాను.

ఆగస్టు 30, శుక్రవారం

మొత్తం పని తలుచుకుంటే గుండె జారిపోతుంది. అందుకని తలుచుకోవడం లేదు. పొద్దున బల్ల దగ్గర కూర్చుని, ఈ పూటకు ఈ ముక్క అని పెన్సిలుతో గీత గీసుకుంటాను. గీత లోపలే గీరతాను. కొన్ని రోజులు గీత గీసి, దాన్నే చూస్తూ కూర్చుంటాను. అలాంటి రోజున మరదలు స్టూలు మీద తన జాకెట్లకు బటన్లు కుట్టుకుంటూ ఉంటుంది. చివరికి ఆమె ఊరికే కూర్చుందని మొహమాటమేసి రేకు తీస్తాను.

ఆమె రాని రోజుల్లో పలక అంచు గట్టిగా పట్టుకుని తడుతున్నాను. వేళ్ళకు ఏదో తెలుస్తోంది. లేదా తెలుస్తోందని నేను అనుకుంటున్నాను. తర్వాత ఆమెను అడిగి సరిచూసుకుంటాను.

నిన్న, చాలు, ఇక ముట్టుకోవద్దు అంది. ఆమె మాట పట్టి ఆపాలా అని రోజంతా గింజుకున్నాను. ఈ రోజు ఆపాను.

సెప్టెంబరు 28, శనివారం

రంగు వేయకముందే, తెల్ల చెక్క మీదే తీగలు బిగించి టీచరుగారిని రమ్మన్నాను. మధ్యాహ్నం వచ్చింది. తమ్ముడు బడి నుంచి తొందరగా వచ్చేశాడు. మరదలికి సాయంత్రం డ్యూటీ, చీర కట్టుకుని సిద్ధంగా ఉంది.

టీచరుగారు శ్రుతి చేసుకుని వాయించింది. కింది తీగలు నాకు తెలిశాయి, నిండుగా, గదంతా. పైకి వెళ్ళిన కొద్దీ ఆమె వేళ్ళు మాత్రమే కనిపించాయి. ఆపి, కళ్ళు తుడుచుకుంది. "చాలా బాగుందండీ," అంది. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. వాడికి వయొలిన్‌కీ కుళాయికీ తేడా తెలియదు.

నేను మరదలిని చూశాను. ఆమె నేల చూస్తోంది.

"నువ్వు చెప్పు."

"బాగుంది వదినా."

"చెప్పు."

తమ్ముడు కళ్ళతో వద్దంటూనే ఉన్నాడు. ఆమె వాడి వైపు చూడలేదు.

"మొదటి తీగ. పైకి వెళ్ళేకొద్దీ రేకులా ఉంది. చెవిలో గుచ్చుకుంటోంది."

టీచరుగారి ముఖం ఎర్రబడింది. "కొత్త వాయిద్యం కదండీ, వాయించగా వాయించగా సర్దుకుంటుంది," అంది. అదీ నిజమే. సర్దుకుంటుందని నేనూ అనుకోవచ్చు. పెట్టెలో పెట్టి, రంగు వేసేటప్పుడు చూద్దాంలే అనుకోవచ్చు. అలా అనుకోవడం నాకెంత హాయిగా ఉంటుందో నాకే తెలుసు. నన్ను పొగిడితే అక్కడ అందరికీ పని తేలికయ్యేది, ఆమెకు కూడా. అయినా ఆ మాట అంది. నన్ను ఏమార్చాలనుకున్న మనిషి అనే మాట కాదది.

"కూర్చోండి, ఇప్పుడే చూస్తాను," అన్నాను టీచరుగారితో.

వయొలిన్ లోపల పైపలకకూ అడుగుపలకకూ మధ్య ఒక చిన్న పుల్ల నిలబడి ఉంటుంది. మోత అంతా దాని మీదుగానే నడుస్తుంది. వంపు కమ్మీ లోపలికి పోనిచ్చి దాన్ని రవ్వంత జరిపాను. వాయించమన్నాను. మరదలు తల అడ్డంగా ఊపింది. ఇంకొంచెం జరిపాను. "మరీ ఎక్కువైంది, ఇప్పుడు ముక్కుతో పాడుతున్నట్టుంది," అంది. వెనక్కి తెచ్చాను. టీచరుగారు మళ్ళీ వాయించింది, ఈసారి ఆపలేదు, పాట మొత్తం వాయించుకుంటూ పోయింది.

పాటయ్యాక మరదలు టీచరుగారిని ఇంకొక్కసారి వాయించమంది. తర్వాత మరొకటి.

తమ్ముడు రెండుసార్లు ఆమె భుజం తట్టి టైము చూపించాడు. చెయ్యి తోసేసింది.

ఈ రోజు మరదలు డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళింది. ఉద్యోగంలో చేరాక ఇదే మొదటిసారట.